2014 బోటా, 2018 బోటా? కల్లూరు నుంచి కృష్ణ ఒడ్డుకు

కల్లూరులో కాపురముంటూ బోటు కొంటానంటే జనం ముందు నవ్వుతారు. తర్వాత అడుగుతారు: "యాడ నడుపుతావప్పా, హంద్రీలోనా?" అడగాల్సిన ప్రశ్నే. ఏడాదిలో ఎక్కువ నెలలు హంద్రీలో నీళ్లకంటే ముళ్లకంపే ఎక్కువ కనిపిస్తుంది. ఎండాకాలం 42 డిగ్రీలంటే మాకు మామూలు సంగతి. అలాంటి ఊళ్లో కూర్చుని మా బావ రాత్రిళ్లు ఫోన్‌లో 'సెకండ్ హ్యాండ్ ఫ్యామిలీ స్పోర్ట్‌బోట్' అని వెతుకుతుంటే అక్క తల పట్టుకుంది.

నిజానికి ఈ పక్కకు పడవలు కొత్త కాదు. హంద్రీ మీదుగా కేసీ కాలువను దాటించే అక్విడక్టు ఉంది కదా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పోయే ఆ కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్లివ్వడంతో పాటు సరుకు పడవలు నడపడం కూడా వాళ్ల లెక్కలో ఉంది. అనుకున్న డబ్బులు రాలేదు. 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వెళ్లింది.

ఆ తర్వాత మా వాళ్లు బోట్లను దగ్గర నుంచి చూసింది 2009 అక్టోబరులో. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డ రోజులవి. వీధుల్లో బోట్లు తిరిగాయి. అందుకే బోటు అంటే మా వీధి పెద్దలకు షికారు గుర్తురాదు. మేడ మీద నుంచి పిల్లల్ని దింపుకోవడం గుర్తొస్తుంది.

బావకు ఈ బోటు పిచ్చి పట్టింది వాళ్లమ్మ వల్ల. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో నూరు దాకా ఊళ్లు మునిగాయి. అందులో అత్త పుట్టిన ఊరు ఒకటి. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. ప్రతి ఏడూ సంగమేశ్వరం పోయినప్పుడల్లా పడవ ఆయన్ను అడుగుతుంది: "నాయనా, ఆ పక్కకు ఒక్కసారి తిప్పుతావా? మా ఊరు ఆడ్నే ఉండాది." ఆయన ఆయిల్ లెక్క చెప్తాడు. ఈమె ఊరుకుంటుంది. బావకు అది మనసులో పడిపోయింది. మన బోటు మనకుంటే అమ్మను తిప్పొచ్చు, పిల్లల్ని తిప్పొచ్చు, ఆదివారాలు టూరిస్టులను ఎక్కించుకుంటే అప్పు కూడా తీరుతుంది అన్నాడు. అప్పు ఎక్కడిదంటే, అక్క గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టి తెచ్చేది. కాబట్టి ఇది సరదా వ్యవహారమేం కాదు.

రెండు బోట్లు, ఒకటే అచ్చు

చివరికి రెండు తేలాయి. రెండూ ఒకే కంపెనీ చేసిన 16 అడుగుల ఫైబర్ బోట్లు. ముందు చిన్న అద్దం, కారుకు ఉన్నట్టు స్టీరింగు, ఆరు సీట్లు, వెనక 40 హార్స్‌పవర్ ఇంజిన్. ఒకటి 2014 మోడల్, సంగమేశ్వరం వైపు మన ఒడ్డున ఉంది. ధర 2 లక్షల 30 వేలు. రెండోది 2018 మోడల్, అవతలి ఒడ్డున తెలంగాణలో, సోమశిల దగ్గర. ధర 4 లక్షలు.

బైక్ అయితే మనం ఏం చేస్తాం? నాలుగేళ్లు కొత్తది, లక్షా 70 వేలు ఎక్కువ, సరే అనుకుని డబ్బులుంటే కొత్తది తీసుకుంటాం. బావ కూడా అక్కడే ఆగిపోయాడు. ఫొటోల్లో 2018ది నీలం రంగులో మెరిసిపోతోంది. 2014ది సున్నం గోడలా వెలిసిపోయింది. పిల్లలు అప్పటికే నీలం దానికి ఓటేశారు.

శివరాత్రి వెళ్లిన వారానికి ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. బావ, నేను, అత్త, ఇంకా కల్లూరు ఎస్టేట్‌లో బండ్ల మెకానిక్‌గా ఉన్న నా దోస్తు. వాడు ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ల మీద పని నేర్చుకున్నవాడు. టూ స్ట్రోక్ శబ్దం వింటేనే జబ్బు చెప్తాడు. అత్తను రావద్దంటే వినలేదు. "కొనేది మీరు, ఎక్కేది నేను" అంది.

కర్నూలు దాటి గార్గేయపురం చెరువు పక్కగా నందికొట్కూరు రోడ్డు పట్టుకున్నాం. నందికొట్కూరు కూడా దాటి కొత్తపల్లి మండలంలోకి వెళ్లాలి. 2022 నుంచి ఈ భాగమంతా నంద్యాల జిల్లా. ఎర్ర నేల, నల్ల నేల మారి మారి వస్తాయి. కోసేసిన శనగ చేలు, కళ్లాల్లో మిరపకాయలు. దూరంగా నల్లమల కొండలు కనిపించేసరికి గాలి కొంచెం మారుతుంది. తర్వాత రోడ్డు ఒక మలుపు తిరిగి, కరువు సీమలో ఉన్నామన్న సంగతి మరిచిపోయేంత నీళ్లు చూపిస్తుంది.

నీళ్లు కదిలే ఒడ్డు

శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు, నిల్వ 215 టీఎంసీల పైచిలుకు. వానాకాలంలో నిండుతుంది, తర్వాత నెల నెలా దిగుతూ పోతుంది. 840 అడుగుల దాకా దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే వేపమొద్దు లింగం ఉన్న గుడి ఇది. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు ఇక్కడ కలుస్తాయంటారు. మేం పోయిన రోజు శిఖరం మాత్రం నీళ్ల పైకి తేలింది.

గుడికి మంచిదే కానీ బోటుకు ఈ రాకపోకలే పెద్ద పరీక్ష. నీళ్లు దిగే కొద్దీ రేవు వెనక్కి జరుగుతుంది. నిన్న ఒడ్డున కట్టిన బోటు వారం తర్వాత బురదలో ఉంటుంది, నెల తర్వాత ఎండిన మట్టి మీద ఉంటుంది. నెట్టుకుంటూ పోయే ఓపిక లేకపోతే మళ్లీ వరద వచ్చేదాకా అక్కడే. మార్చి నుంచి జూలై దాకా రాయలసీమ ఎండ దాని మీదే. ఆ తర్వాత మొదటి వాన నీళ్లు లోపల నిలుస్తాయి. స్క్రూల కంతల్లోంచి కిందికి దిగుతాయి.

ఫైబర్ కదా, ఏమవుతుంది అనుకుంటాం. ఇలాంటి చాలా బోట్లలో పైన కనిపించేదే ఫైబర్. నేల కింద, ఇంజిన్ బిగించే వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఆ పలకను ట్రాన్సమ్ అంటారు. ఇంజిన్ బరువు, తోపు అంతా దాని మీదే. చెక్క నానితే పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల అటుకుల్లా అయిపోతుంది. ఏదో ఒక రోజు నడి నీళ్లలో ఇంజిన్ బోటు నుంచి విడిపోవాలని చూస్తుంది.

వెలిసిపోయిన బోటు

2014 బోటు ఒక పెద్దాయనది. చేపలు పట్టడం ఆయన పని, సెలవు రోజుల్లో జనాన్ని తిప్పేవాడు. బోటు బయట లేదు. నీళ్ల నుంచి పైకి లాగి, బోద కొట్టం కింద, రెండు దుంగల మీద పెట్టి ఉంది. పైన పరదా.

"ఎండకు పెడితే ఇది ఉంటాదా అప్పా? మనిషే ఉండడు" అన్నాడాయన.

దోస్తు మొదట చేసిన పని ఇంజిన్ మూత మీద అరచెయ్యి పెట్టడం. చల్లగా ఉంది. మనం రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడితే మొండి ఇంజిన్ కూడా మన ముందు బుద్ధిగా లేస్తుంది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో వెనక పలకంతా అంగుళం అంగుళం తట్టాడు. టక్ టక్ అని ఒకటే గట్టి శబ్దం. చెక్క నానిన చోట బొత్ బొత్ అంటుందట, దోసకాయ మీద తట్టినట్టు. ఇంజిన్ కింది భాగం పట్టుకుని పైకి కిందికి గట్టిగా ఊపాడు, నన్ను పలక మీద కన్నేసి ఉంచమన్నాడు. కదల్లేదు. రెండేళ్ల కింద పలక మార్పించానని పెద్దాయన ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. పాత చెక్క తీసేసినవి, కొత్తది వేస్తున్నవి, వరసగా ఉన్నాయి.

స్పార్క్ ప్లగ్గులు విప్పి కంప్రెషన్ మీటర్ పెట్టాడు. రెండు సిలిండర్లు. ఒకటి 118, ఇంకోటి 115. అంకె ఎంత అనేదానికంటే రెండింటి మధ్య తేడా పది శాతం దాటకపోవడం ముఖ్యం అన్నాడు. కింది గేర్ల ఆయిల్ చుక్క తీసి చూశాడు. శుభ్రంగా ఉంది.

బాగోలేనివీ ఉన్నాయి. పెట్రోల్ పైపులు పగుళ్లు బారాయి. ఇప్పుడు మనకు బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరుకు ఎథనాల్ పడదు. పైగా అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. నెల రోజులు ట్యాంకులో వదిలేస్తే నీళ్లు అడుక్కి చేరతాయి. బోటు ఇంజిన్ల కంపెనీలు ఎక్కువగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. కాబట్టి పైపులు మార్చాలి, నడిపే రోజుకు కావాల్సినంతే పోసుకోవాలి, మిగిలింది తీసేయాలి.

ఇంకో పెద్ద లోపం, ఇది టూ స్ట్రోక్. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. కార్బ్యురేటర్ టూ స్ట్రోక్‌లో నాలుగో వంతు దాకా ఇంధనం కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. ఇక్కడ ఆ పొగ పోయేది నీళ్లలోకే. అమెరికాలో లేక్ టాహో అనే సరస్సులో 1999లోనే ఇలాంటి ఇంజిన్లను ఆపేశారు. మన జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగలో పడి, తాగడానికి చెన్నై దాకా పోతాయి. ఫోర్ స్ట్రోక్ అయితే ఈ గొడవ తక్కువ, పెట్రోలు కూడా మూడో వంతు దాకా మిగులుతుంది. బావ ఈ మాట విని నా వైపు చూశాడు. 2018 బోటుది ఫోర్ స్ట్రోక్.

అత్త ఊరి మీద

అవతలి ఒడ్డుకు రోడ్డు మీద పోవాలంటే వెనక్కి కర్నూలు వచ్చి, తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు, కొల్లాపూర్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పెద్దాయనే అన్నాడు, "నా బోట్లోనే పోదాం పాండి. దాన్నీ చూసినట్లుంటాది, దీన్నీ నడిపినట్లుంటాది." బావ కల్లూరు నుంచే లైఫ్ జాకెట్లు తెచ్చాడు. అందరం వేసుకున్నాం. అత్త చీర మీద ఆరెంజ్ జాకెట్ వేసుకుని ముందు సీట్లో కూర్చుంది.

ఇంజిన్ రెండో లాగుడుకు అందుకుంది. వెనక నుంచి నీళ్ల ధార సన్నగా, ఆగకుండా చిమ్మింది. లోపల చల్లబరిచే పంపు పనిచేస్తోందని గుర్తు అది. శబ్దం మాత్రం ఎక్కువే, మాట వినపడదు. వేగం అందుకోగానే ముక్కు దించుకుని నీళ్ల మీద చదునుగా పోయింది. పెద్దాయన నేరుగా పోవడం లేదు, వంకరలు తిప్పుతున్నాడు. కింద పాత ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు ఉన్నాయి. నీళ్లు దిగే కొద్దీ అవి ఫ్యానుకు తగిలేంత దగ్గరికొస్తాయి. మ్యాపులో ఉండవు, తిరిగినవాళ్ల తలలో ఉంటాయి.

ఒక చోట అత్త చెయ్యెత్తింది. "ఇంజను ఆపు నాయనా."

ఆపాడు. కొండ వంక చూసింది, అటుపక్క గట్టు చూసింది. "ఆ రెండు కొండల నడిమి సందు మా ఇంటి అరుగు మీది నుంచి ఇట్లనే కనపడేది" అంది. ఇంకేం మాట్లాడలేదు. చెయ్యి నీళ్లలో పెట్టి కాసేపు అట్లనే కూర్చుంది. కింద ఎంత లోతులో ఉందో ఆ అరుగు. బోటు మెల్లగా తనంతట తాను తిరుగుతోంది. పెద్దాయన గడియారం చూడలేదు, ఆయిల్ లెక్క చెప్పలేదు. ఆయన ఊరూ అక్కడెక్కడో ఉందని తర్వాత తెలిసింది.

మళ్లీ తాడు లాగితే ఇంజిన్ వెంటనే లేచింది. దోస్తు నా చెవిలో, "వేడి మీద ఆపి లేపితేనే అసలు పరీక్ష. అత్త తెలియకుండానే పెట్టేసింది" అన్నాడు.

మెరిసే బోటు

సోమశిల రేవు ఆదివారం కాబట్టి జనంతో ఉంది. 2018 బోటు పక్కన, నీళ్లకు దూరంగా, ఎండిన మట్టి మీద ఉంది. దగ్గరికి పోతే ఇంకా అందంగా ఉంది. కొత్త సీట్ కవర్లు, పాటలకు స్పీకర్లు. ఇంజిన్ బటన్ నొక్కగానే లేచింది, కుట్టు మిషన్‌లా మెత్తటి శబ్దం. దోస్తు మూడు సిలిండర్లూ చూసి తలూపాడు. ఇంజిన్ బాగుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడి తీశాడు. పలక పైభాగం టక్ టక్. మధ్యకు వచ్చేసరికి బొత్. ఇంజిన్ ఊపితే పలక కాగితం మందంలో కదిలింది, బోల్టుల చుట్టూ రంగులో సన్నటి గీతలు. డ్రైవర్ సీటు ముందు నేల కాలి కింద మెత్తగా ఒదిగింది. గేర్ల ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో వచ్చింది. అంటే లోపలికి నీళ్లు పోయాయి. చేపల వలల దారం ఫ్యాను ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తే ఇలా అవుతుంది. ఈ నీళ్లలో వలలకు కొదవ లేదు. సీలు మార్పించడం చిన్న ఖర్చే. నానిన పలక అలా కాదు.

అప్పుడు బావకు ఒక అనుమానం వచ్చింది. "రెండూ ఒకే కంపెనీవి కదా. ఆ బోటుకు వెనక కుడిపక్క పై మూలన నంబరు పలక ఉంది. దీనికేది?"

అమెరికాలో అమ్మే ప్రతి బోటుకూ 12 అక్షరాల నంబరు ఉండాలి, వెనక కుడి మూలనే. చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఆ అలవాటును చూసి మన దగ్గర కూడా కొందరు తయారీదార్లు అదే చోట పలక పెడతారు. ఈ బోటుకు అక్కడ దట్టంగా నీలం రంగు. వేలితో తడిమితే అక్షరాలు ఉబ్బుగా తగులుతున్నాయి. దోస్తు బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చించి దాని మీద పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దాడు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద మనమంతా చేసిన పనే. మెల్లగా అంకెలు తేలాయి. చివర 14.

పెద్దాయన బోటు నంబరుకు పదకొండు నంబర్లు ముందుది. 2018 అన్నది ఇంజిన్ మీది స్టిక్కరు మాత్రమే. రెండు బోట్లూ ఒకే ఏడు, బహుశా ఒకే అచ్చులోంచి దిగాయి.

అమ్మేతను తెల్లబోయాడు. "నాకు గట్లనే చెప్పి అమ్మిండ్రు అన్నా. ఇంజన్ కొత్తగ ఏసిన్రని తెల్సు గానీ బోటు గూడ గదే అనుకున్న" అన్నాడు. అతను మోసం చేశాడని నాకనిపించలేదు. రంగు వేసింది అతనికంటే ముందు ఎవరో.

నిజానికి ఏ బోటుకైనా ఇదే కథ. బైకు ఇంజిన్, చాసిస్ కలిసే ముసలివవుతాయి, ఆర్‌సీలో రెండు నంబర్లూ ఉంటాయి. బోటుకు ఇంజిన్ నాలుగు బోల్టులు విప్పితే వేరైపోతుంది. ఎవరైనా మోడల్ ఇయర్ చెప్తే, దేనిది అని అడగాలి. సంవత్సరం తెలిశాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: ఎన్ని ఎండాకాలాలు బయట పడుంది? ఇక్కడ రెండు బోట్లకూ పుట్టిన ఏడు ఒకటే. ఒకటి కొట్టం కింద పెరిగింది, ఇంకోటి ఎండలో.

బావ ఒక మాట అడిగి చూశాడు. "ఇంజిన్ ఒక్కటీ అమ్ముతావా?" ఆ ఇంజిన్ ఈ గట్టి పలక మీద బిగిస్తే రెండు సమస్యలూ తీరతాయి. బరువు ఓ ఇరవై కిలోలు పెరుగుతుంది, కొత్త పలక తట్టుకుంటుంది. అతను ఒప్పుకోలేదు. ఇంజిన్ తీసేస్తే ఆ బోటును ఎవరు కొంటారు? అదీ నిజమే.

ఆరుగురంటే ఆరుగురే

తిరుగు దారిలో పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే, మంచాలకట్ట దగ్గర, కిక్కిరిసిన పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. 2017లో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం, 2019లో గోదావరి మీద కచ్చులూరు మనం టీవీల్లో చూశాం. ఈ ప్రాంతంలో బోటు నడిపే ప్రతివాడికీ మంచాలకట్ట గుర్తుంటుంది. "ఇంగొక్కరే కదా అంటారప్పా అందరూ. ఆ ఒక్కరే ముంచేది" అన్నాడు.

చిన్న బోట్లకు ఒక మోటు లెక్క ఉంది. పొడవు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో, రెంటినీ గుణించి 15తో భాగించాలి. 16 ఇంటూ 6 బై 15, అంటే ఆరు చిల్లర. ఆరుగురు. చిల్లరకు మనిషిని ఎక్కించకూడదు. గాలి, అలలు ఉంటే ఇంకా తగ్గించుకోవాలి.

టూరిస్టుల డబ్బుతో అప్పు తీరుస్తానన్న బావ లెక్క ఇక్కడే మారింది. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ ఉన్న పడవకు సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. పెద్దాయనకు రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, సర్వే గడువు అయిపోయింది. సర్వే మళ్లీ చేయించి, పేరు మార్పించుకుని, ఇన్సూరెన్స్ కట్టే దాకా బోటు నీళ్లలో దించనని బావ మాటిచ్చాడు. మాట తీసుకుంది అక్క, ఫోన్‌లో, స్పీకర్ పెట్టించి మరీ.

ఇంకోటి కూడా ఆలోచించాల్సి వచ్చింది. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద తీగల వంతెన కడతామని కేంద్రం 2022 అక్టోబరులో ప్రకటించింది, అంచనా వెయ్యి కోట్ల రూపాయల పైనే. అది వస్తే అవతలి ఒడ్డుకు బోటెక్కేవాళ్లు తగ్గుతారు. వంతెన చూడటానికి వచ్చి బోటెక్కేవాళ్లు పెరగొచ్చు కూడా. ఏది జరుగుతుందో ఇప్పుడే చెప్పలేని వ్యాపారం మీద నాలుగు గాజులూ పెట్టడం తెలివైన పని కాదు.

లెక్క ఇలా తేలింది

వెలిసిపోయిన 2014 బోటే తీసుకున్నాం. బేరమాడితే 2 లక్షల 15 వేలకు దిగింది. పెట్రోల్ పైపులు, నీళ్ల పంపు రబ్బరు, ప్లగ్గులు, గేర్ ఆయిల్ కలిపి 7 వేలు. ఆరు లైఫ్ జాకెట్లు మంచివి 9 వేలు, అందులో రెండు పిల్లల సైజువి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో తలమీది నుంచి జారిపోతుంది, ఆ తప్పు మాత్రం ఎవరూ చేయకండి. కొట్టం కింద బోటు పెట్టుకోవడానికి పెద్దాయనే ఒప్పుకున్నాడు. నడపడం నేర్పడానికి, మునిగిన గోడలు ఎక్కడున్నాయో చూపించడానికి కూడా. నా దృష్టిలో ఈ బేరంలో అన్నిటికంటే విలువైంది అదే. ఏ మోడల్‌తోనూ రాదు.

టూ స్ట్రోక్ పొగ సంగతి తీరలేదు. బావ బాకీగానే రాసుకున్నాడు. మిగిలిన డబ్బు కదపకుండా, మంచి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ దొరికే దాకా ఏడాదికి పది, పన్నెండు సార్లకు మించి నడపకూడదని నిర్ణయం. పిల్లలకు రంగు నచ్చలేదు. ఎండాకాలం సెలవుల్లో వాళ్లే నీలం వేస్తారట. నంబరు పలక మీద మాత్రం వేయొద్దని గట్టిగా చెప్పాం.

నాలుగు గాజుల్లో రెండు ఇంటికొచ్చేశాయి. మిగతా రెండూ దసరాలోపు విడిపించాలని అక్క గడువు పెట్టింది. అత్త ఆమెను ఒక్కటే అడిగింది: ఈసారి నీళ్లు బాగా దిగినాక పోదామా, అరుగు ఏమన్నా కనపడుతుందేమో.